బద్ద మీద గీతలు

ఆ వేసవిలో మా అన్నయ్య నన్ను అడిగింది ఒక్కటే. తాగుడు మాన్పించే చికిత్సా కేంద్రంలో నాలుగు నెలలుండి వచ్చిన రోజు, చేతిలో సంచి ఇంకా కింద పెట్టకుండానే, మా షెడ్డు గుమ్మంలో నిలబడి అడిగాడు.

"చిట్టీ, స్పిరిట్ డబ్బా నీ గదిలో పెట్టుకుని తాళం వేసుకో. పొద్దున నాకెంత కావాలో అంత సీసాలో పోసివ్వు. సాయంత్రం మిగిలింది నీకే తెచ్చిస్తా."

నేను పెద్ద మనసు చాటుకున్నాను. అదేం మాట అన్నయ్యా, నీ పాలిష్ గదిలో నీ డబ్బా నీ దగ్గరే ఉంటుంది, నిన్ను నమ్మకపోతే ఇంకెవరిని నమ్ముతాం అన్నాను. పక్కనే వడ్రంగి మేస్త్రీ వింటున్నాడు కాబట్టి కాస్త గట్టిగానే అన్నాను. అన్నయ్య ఇంకోసారి అడిగాడు. నేను ఇంకోసారి వద్దన్నాను. నా మాటలకు నాకే కళ్ళు చెమర్చాయి. ఇప్పుడు తల్చుకుంటే ఆ కన్నీళ్ళకే ఎక్కువ సిగ్గేస్తుంది.

మాది పాత కుర్చీలూ బల్లలూ బీరువాలూ బాగుచేసే పని. రేకుల షెడ్డు నాన్న వేసింది. విరిగిన కాళ్ళు అతకడం, పుచ్చిన పలకలు మార్చడం మేస్త్రీ పని. ఆయన్ని మేమిద్దరం చాటుగా సణుగుడు మేస్త్రీ అంటాం. చెక్క మీదా, ఎండ మీదా, టీలో చక్కెర మీదా సణగని రోజు ఆయనకి ఒంట్లో బాగోలేదని లెక్క. ఆర్డర్లు తేవడం, గడువులు చెప్పడం, ఆ గడువు దాటితే తిట్లు తినడం నా పని. పాలిష్ అన్నయ్యది. లక్క రేకుల్ని స్పిరిట్‌లో నానబెట్టి, ఆ తేనె రంగు నీళ్ళని గుడ్డలో చుట్టిన దూదితో చెక్క మీద రుద్దుతాడు. స్పిరిట్ లేకపోతే ఆ పనే లేదు.

తాగే రోజుల్లో, మందు చేతికి దొరకని ఒక మధ్యాహ్నం అన్నయ్య ఆ స్పిరిట్టే తాగాడు. అది తాగితే చూపు పోతుందని మా అందరికన్నా తనకే బాగా తెలుసు. చూపు పోలేదు గానీ రెండు రోజులు ఆసుపత్రి మంచం మీద ఎవరు వచ్చారో గొంతు విని పోల్చుకున్నాడు. వదిన ఆ మూడో రోజే పిల్లని తీసుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది. ఆమెను తప్పు పట్టలేం. మెట్ల మీద పడిపోయిన మనిషిని ఆమె ఎన్నిసార్లు లేపిందో చూసినదాన్ని.

తిరిగి రావడానికి వదిన ఒకే షరతు పెట్టింది, దాన్ని తెచ్చి నా మెడకు చుట్టింది. బడులు తెరిచేలోపు నేను ఔనంటే పిల్లతో సహా వచ్చేస్తుంది, పిల్లని ఇక్కడి బళ్ళోనే చేరుస్తుంది. లేకపోతే అక్కడే చేరుస్తుంది. "ఆయన మాట మీద రాను. డాక్టర్ మాట మీదా రాను. నువ్వు నోరు గట్టిదానివే గానీ అబద్ధం చెప్పవు. ప్రతి ఆదివారం ఫోన్ చేస్తా. నువ్వు చెప్పినదాన్ని బట్టే చూసుకుంటా" అంది. నాకు గర్వంగా అనిపించింది. ఇంట్లో ఒక మాటకైనా విలువ మిగిలిందంటే అది నాదే అనుకున్నాను.

ఆ వేసవికి మాకు దొరికిన పెద్ద పని గ్రంథాలయం బల్లలు. ఆరు పొడుగు బల్లలు, సెలవులకి మూసి ఉన్నప్పుడు చేసివ్వాలి. రెండింటిని షెడ్డుకి తెచ్చాం. మిగతా నాలుగూ ఇంకా పెద్దవి, తలుపులోంచి బయటికి రాలేదు, వాటిని తర్వాత అక్కడే చేద్దామనుకున్నాం. ఏళ్ళ తరబడి చదువుకున్నవాళ్ళ మోచేతులు రాసుకుని వాటి అంచులు తెల్లబోయి ఉన్నాయి. ఇదివరకటి అన్నయ్యైతే పైపైన గరుకు ఉప్పు కాగితం రుద్ది, దట్టంగా రెండు పూతలు పూసి, సాయంత్రానికి చేతులు దులుపుకునేవాడు. ఈసారి మొదటి బల్ల చుట్టూ రెండు రోజులు ఊరికే తిరిగాడు. వేలితో తడిమి చూసేవాడు, వంగి వెలుతురుకి ఎదురుగా చూసేవాడు. ఇలాగైతే వచ్చే వేసవికి గానీ తేలదని మేస్త్రీ సణిగాడు.

పొద్దున్నే షెడ్డంతా ఊడ్చి, దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లేవాడు. తడి పాలిష్ మీద రంపపు పొట్టు వాలితే పనంతా పాడవుతుంది. తర్వాత మోకాళ్ళ కింద గోనె మడత వేసుకుని కూర్చుని, చిన్న చిన్న సున్నాలు చుడుతున్నట్టు చెయ్యి తిప్పుతూ రుద్దేవాడు. ఒక పూత ఆరేదాకా ఎదురుచూడటం తనకి ఎప్పుడూ చేతనయ్యేది కాదు. ఇప్పుడు ఆ ఖాళీలో దూది గుడ్డలు ఉతికి ఆరేసేవాడు, తెగిన చెప్పు కుట్టుకునేవాడు. రోజుకి ఎన్ని కప్పుల స్పిరిట్ వాడాడో సాయంత్రం సుద్దముక్కతో తలుపు వెనక రాసేవాడు. ఎవరూ రాయమనలేదు. ఆ రోజు చేసిందేదో రోజు చివర రాసి పెట్టుకోవడం కేంద్రంలో అలవాటైందట.

ఒక మధ్యాహ్నం అన్నాల దగ్గర కూర్చున్నప్పుడు అన్నాడు: "ఇదివరకు లేస్తూనే సాయంత్రం ఎప్పుడవుతుందా అని చూసేవాణ్ణి చిట్టీ. ఇవాళ మేస్త్రీ వచ్చి పిలిచేదాకా టైమెంతైందో నాకు తెలీలేదు."

అది తనకే కొత్తగా ఉన్నట్టు అన్నాడు. జేబులో మర్చిపోయిన వస్తువేదో దొరికినట్టు అతని ముఖం వెలిగింది. విని సంతోషించాల్సింది పోయి, నేను అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయా అని చూశాను.

అప్పటికే నేను కొలవడం మొదలుపెట్టాను.

ఎలా మొదలైందంటే, రెండో వారంలో వదిన ఫోన్‌లో అడిగింది, స్పిరిట్ డబ్బా ఎవరి దగ్గరుంది అని. అతని దగ్గరే అన్నాను. "సరే, నువ్వు చూసుకుంటున్నావుగా" అంది. చూసుకుంటున్నా అన్నాను. అన్నాక చూసుకోవాలి కదా. మరుసటి సాయంత్రం అన్నయ్య పైగదికి స్నానానికి వెళ్ళగానే, మేస్త్రీ వదిలేసిన ముక్కల్లోంచి మూరెడు పొడుగు సన్నని బద్ద ఒకటి తీసుకుని డబ్బాలో ముంచాను. తడి ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ పెన్సిల్‌తో గీత గీసి తారీకు వేశాను. గబగబా గీయాలి, లేకపోతే తడి కళ్ళముందే ఆరిపోతుంది. రెండు మూడుసార్లు గీత గీసేలోపే ఆరిపోతే మళ్ళీ ముంచాల్సి వచ్చింది. అంత త్వరగా ఎగిరిపోయే సరుకని రోజూ చేత్తో చూస్తూ కూడా నాకు బుర్ర వెలగలేదు.

ఆ డబ్బాకి రెండు మూతలు. పైన తిప్పే మూత, లోపల బిగుతుగా దిగే ప్లాస్టిక్ బిరడా. ఆ బిరడా స్క్రూడ్రైవర్‌తో మీటితే గానీ రాదు. మీటిన ప్రతిసారీ నా వేలో గోరో నలిగేది. నాలుగో రోజు విసుగొచ్చి దాన్ని తీసి, పాత మేకులుండే సొరుగులో పడేశాను. పైమూత ఉందిగా, చాలదా అనుకున్నాను. బద్దని దూలం మీద దాచాను.

రెండు రోజులయ్యాక అన్నయ్య అడిగాడు, డబ్బా లోపలి బిరడా ఏమైనా చూశావా అని. నాకేం తెలుసు అన్నాను. తడబడకుండానే అన్నాను. తను చుట్టూ వెతికి, దొరక్క, గుడ్డ ముక్క ఒకటి కుక్కాడు. సాయంత్రం కొలిచేటప్పుడు నేను ఆ గుడ్డ లాగి, కొలిచాక పైపైన మళ్ళీ దోపి, మూత సగమే తిప్పి వచ్చేసేదాన్ని. అన్నయ్య మెట్లు దిగే చప్పుడు వినిపిస్తుందేమోనని చెవులన్నీ అటే ఉండేవి. అన్నేళ్ళు తను దొంగచాటుగా తాగాడు, ఇప్పుడు నేను దొంగచాటుగా కొలుస్తున్నాను.

మూడో వారం నుంచి తేడా కనిపించింది. తలుపు వెనక రాసిన కప్పులకీ, బద్ద మీద గీతలకీ పొంతన లేదు. మొదట అరవేలి మందం తేడా. తర్వాత వేలి మందం. ఎండలు ముదిరాయి, షెడ్డు రేకు కింద పెనంలా ఉంది, గీతలు కిందికి జారుతూనే ఉన్నాయి. నా కంటికి కునుకు లేదు. తన పక్కనుంచి వెళ్ళినప్పుడల్లా ఊపిరి పీల్చి చూసేదాన్ని. పొద్దస్తమానం స్పిరిట్‌తో పనిచేసే మనిషి ఒంటి నుంచి స్పిరిట్ వాసన కాక ఏమొస్తుంది? అయినా ప్రతిసారీ నా గుండెల్లో రాయి పడేది.

బడి దరఖాస్తు కాగితం తెచ్చిన రోజు బాగా గుర్తు. ఎండలో రెండు గంటలు వరసలో నిలబడి తెచ్చాడు. చేతికి పాలిష్ మరక ఉందని, కాగితానికి అంటకుండా కవరు అంచు పట్టుకుని నాకు చూపించాడు. అమ్మానాన్నలిద్దరి సంతకాలకి రెండు గళ్ళున్నాయి. తన గడిలో అప్పుడే సంతకం పెట్టేశాడు. పిల్లని మేం పిడుగు అంటాం. పిడుగుకి ఆ బడి ఎంత దూరమో, రోడ్డు ఎక్కడ దాటాలో, తను రోజూ వదిలిపెట్టి పనికి వస్తే ఎంతసేపు పడుతుందో అన్నీ లెక్కేసుకుని వచ్చాడు. నేను ఊఁ కొట్టాను. చివర్లో వెళ్ళబోతూ ఆగి, మామూలుగా చెప్పాడు.

"ఆ డబ్బాకి బిరడా తెప్పించు చిట్టీ. గుడ్డ ఆగట్లేదు. సరుకంతా ఎగిరిపోతోంది."

ఇదిగో సాకు తయారు చేసుకుంటున్నాడు అనుకున్నాను. తాగే రోజుల్లో తను చెప్పిన సాకులన్నీ వరసగా గుర్తొచ్చాయి, ఒక్కోటీ ఎంత సహజంగా చెప్పేవాడో గుర్తొచ్చింది. సరే తెప్పిస్తా అన్నాను. తెప్పించలేదు. స్పిరిట్ ఎగిరిపోతుందని నాకు తెలియక కాదు. ఈ షెడ్డులో పుట్టి పెరిగినదాన్ని. తెలిసీ ఆ వైపు ఆలోచించడానికి మనసు ఒప్పలేదు. మళ్ళీ మోసపోయిన పిచ్చిదాన్ని అనిపించుకోవడం కన్నా అన్నయ్య తాగుతున్నాడనుకోవడమే తేలికైంది నాకు.

ఆరో ఆదివారం వదిన ఫోన్ చేసింది. గొంతులో ఎప్పుడూ లేని హుషారు. బట్టలు సర్దడం మొదలుపెట్టానని, పిడుగు తన పుస్తకాలన్నీ ఒక సంచిలో వేసుకుని కూర్చుందని చెప్పింది. వచ్చే ఆదివారం బయల్దేరమంటావా అని అడిగింది. నేను నీళ్ళు నమిలాను. ఏంటి, ఏమైంది అంది. నాకు తెలిసి తను తాగినట్టు ఎవరూ చూడలేదు, వాసన గురించి చెప్పలేం, పని బాగా చేస్తున్నాడు అని అటూ ఇటూ తిప్పాను. ఆమె నెమ్మదిగా మళ్ళీ అడిగింది.

"సూటిగా చెప్పు. ఏం చూశావు?"

"స్పిరిట్ తగ్గుతోంది వదినా" అన్నాను.

ఇంకేం అడగలేదు. ఎంత తగ్గింది, ఎప్పట్నుంచి, ఇంకేదైనా కారణం ఉందా, ఏదీ అడగలేదు. సరే, ఉంటాను అని పెట్టేసింది. చెప్పాల్సింది చెప్పాను, నా బాధ్యత తీరింది అనుకుంటూ నేను వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు తోమాను. తోమినవే మళ్ళీ తోమాను.

మర్నాడు పొద్దున అన్నయ్య టీ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. రోజూ తనే తెస్తాడు. వదిన రాత్రే తనకి ఫోన్ చేసి చెప్పిందని ముఖం చూడగానే తెలిసింది. ఒంటికాలి మీద లేస్తాడని, నాలుగు మాటలంటాడని సిద్ధంగా ఉన్నాను. నా దగ్గర బద్ద ఉంది, తారీకులున్నాయి.

"నన్నడిగితే సరిపోయేది కదా" అన్నాడు.

"అడిగితే తాగానంటావా?"

"అననేమో. కానీ బిరడా సంగతి ఇంకోసారి చెప్పేవాణ్ణి."

అంతే. కూర్చోకుండా వెళ్ళిపోయాడు. ఆ రోజే గ్రంథాలయంలో మిగిలిన నాలుగు బల్లల పని మొదలుపెట్టాడు. ముందే కలిపి ఉంచిన పాలిష్ సీసాలు రెండూ, గుడ్డలూ సంచిలో వేసుకున్నాడు. పాలిష్ గది తాళం చెవి తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఈసారి నేను వద్దనలేదు. గదికి తాళం వేసి చెవి నా మెడలో గొలుసుకి తగిలించుకున్నాను.

పది రోజులు అన్నయ్య షెడ్డులో అడుగు పెట్టలేదు. పొద్దున టీ మాత్రం తెచ్చి పెట్టేవాడు. తిట్టి ఉంటే నాకు కాస్త ఊరట దొరికేది. నేనే ముఖం చెల్లక తల వంచుకుని బిల్లులు తిరగేసేదాన్ని. తెచ్చిన టీ చల్లారిపోయేది.

పదకొండో రోజు ఎవరిదో చిన్న అలమర తలుపు తుడవడానికి స్పిరిట్ కావాల్సి వచ్చి గది తాళం తీశాను. వేడి గాలి ముఖాన కొట్టింది. కప్పుతో తీసుకునే ముందు, అలవాటు కొద్దీ, దూలం మీద చెయ్యి పెట్టి బద్ద తీసి ముంచాను. తడి చివరి గీత కన్నా వేలి మందం కిందికి ఉంది.

మళ్ళీ ముంచాను. డబ్బా వంగి ఉందేమోనని సరిచేసి మూడోసారి ముంచాను. మెడలో తాళం చెవి తడిమి చూసుకున్నాను. ఉంది.

మేస్త్రీ గుమ్మంలోకి వచ్చి ముక్కు చిట్లించాడు. ఏంటమ్మా ఈ వాసన, మూత సరిగ్గా బిగించలేదా, నిప్పురవ్వ పడితే షెడ్డంతా లేచిపోతుంది, ఈ గుడ్డ ఎవరు దోపారు, వత్తి పీల్చినట్టు పీల్చి గాల్లో కలిపేస్తుంది, ఇంత చిన్న సంగతి కూడా నేనే చెప్పాలా, అని తన ధోరణిలో సణుక్కుంటూ వెళ్ళిపోయాడు. నేను సొరుగు లాగాను. తుప్పు మేకుల మధ్య తెల్లటి బిరడా. నాకు నేల మీద కూర్చోవాలనిపించి కూర్చున్నాను.

గ్రంథాలయంలో కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. అన్నయ్య ఆఖరి బల్ల పక్కన మోకాళ్ళ మీద ఉన్నాడు. ఆ పెద్ద గదిలో గుడ్డ చెక్క మీద తిరిగే చప్పుడు తప్ప ఏమీ లేదు. దగ్గరికి వెళ్ళి బిరడా తీసి బల్ల మీద పెట్టాను.

"అక్కడ పెట్టకు, అచ్చు పడుతుంది" అని చటుక్కున తీసేశాడు. అప్పటికే పచ్చి పాలిష్ మీద చిన్న గుండ్రం పడింది. తను దాని మీదికి వంగి గుడ్డతో రుద్దడం మొదలుపెట్టాడు. ఆ వంగిన వీపుకి చెప్పుకున్నాను. నేనే తీశానని, కొలవడానికి అడ్డమని తీశానని, అడిగినప్పుడు అబద్ధం చెప్పానని, పది రోజులుగా తాళం వేసిన గదిలోనూ స్పిరిట్ తగ్గిందని.

"నువ్వు కొలుస్తున్నావని తెలుసు" అన్నాడు. "దూలం మీద బూజు దులుపుతుంటే బద్ద దొరికింది. తారీకులు నీ రాత."

"మరి నన్నెందుకు అడగలేదు?"

"కొలవనీ అనుకున్నా. కొలిస్తే నిజం తెలుస్తుంది కదా అనుకున్నా."

నాకు ఏడుపు ఆగలేదు. తను లేచి వచ్చి ఓదార్చలేదు, కోప్పడనూ లేదు. ఆ గుండ్రం పూర్తిగా పోయేదాకా రుద్ది, అప్పుడు వెనక్కి కూర్చున్నాడు. నా మీద ఎవరు ఏం చెప్పినా నమ్మేట్టు చేసుకున్నది నేనే చిట్టీ, అందులో నీ తప్పెంతో నా తప్పెంతో నేను తేల్చలేను అన్నాడు. మొదటి రోజు డబ్బా నిన్ను ఉంచుకోమన్నది నీకు నిద్ర పడుతుందని అన్నాను, నాకోసం కాదు అని కూడా అన్నాడు.

గ్రంథాలయం మెట్ల మీద నుంచే వదినకి ఫోన్ చేశాను. మొత్తం చెప్పాను, బిరడాతో సహా. ఆమె చివరిదాకా విన్నది. పిల్లని అక్కడి బళ్ళో చేర్చేశానని, యూనిఫాం కూడా కుట్టించానని చెప్పింది. మార్చలేమా అని అడిగాను. సంతకం పెట్టిన కాగితం ఇంకా అన్నయ్య దగ్గరే ఉందన్నాను.

"నీ మీద కోపం లేదు" అంది వదిన. "ఆ రోజు నువ్వు ఒక్క మాట చెప్పగానే నేను ఇంకో ప్రశ్న కూడా అడగలేదు చూడు. అది తల్చుకుంటే నాకే భయంగా ఉంది. ఈ ఏడు రాలేను."

ఒక ఏడాదంటే ఎంత? పెద్దవాళ్ళకి ఏమీ కాదు. తొమ్మిదేళ్ళ పిల్ల పదేళ్ళది అవుతుంది. పళ్ళు ఊడి కొత్తవి వస్తాయి, చేతిరాత మారుతుంది, తండ్రి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటే వయసు దాటిపోతుంది. తాగుడు వల్ల అన్నయ్య పోగొట్టుకున్న ఏళ్ళు తను పోగొట్టుకున్నవి. ఈ ఏడు మాత్రం నేను పోగొట్టింది. ఒక్క చుక్క ముట్టనిదాన్ని, పూర్తి తెలివిలో ఉండి పోగొట్టాను.

వదిన మాట అన్నయ్యకి చెప్పిన సాయంత్రం తను మళ్ళీ తాగుతాడనుకున్నాను. నిజం చెప్పాలి కదా, అప్పుడు కూడా అనుకున్నాను. తను కుళాయి దగ్గర కూర్చుని దూది గుడ్డలన్నీ ఒక్కొక్కటే ఉతికాడు. అన్నీ అయిపోయాక, ఉతికిన వాటిలోంచే ఒకటి తీసి మళ్ళీ ఉతికాడు. తాడు మీద ఆరేసి, తలుపు వెనక సుద్దతో ఆ రోజు పని రాసి, పైకి వెళ్ళి పడుకున్నాడు. మర్నాటి నుంచి డబ్బా నా గదిలోకి మారింది. బద్దని పొయ్యిలో పెట్టాను.

బడులు తెరిచిన మూడో ఆదివారం వదిన పిల్లని తెలిసినవాళ్ళతో ఒక్క రోజుకి పంపింది. బస్సు దగ్గరికి నేనే వెళ్ళాను. పిడుగు ఇదివరకైతే దిగుతూనే సగం వీధికి వినిపించేట్టు అరిచేది. ఇప్పుడు సంచి రెండు చేతులతో పట్టుకుని, మెట్లు చూసుకుంటూ దిగింది. ఒక అంగుళం పొడుగైంది. దారంతా నేనే మాట్లాడాను.

అన్నయ్య పొద్దున్నుంచి మూడుసార్లు చేతులు కడుక్కున్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. గోళ్ళలో లక్క రంగు మాత్రం ఏం చేసినా పోలేదు. పిల్లని చూసి దగ్గరికి తీసుకోబోయి, దాని ముక్కుపుటాలు కదలడం చూసి ఆగిపోయాడు. ఆ రేకుల షెడ్డులో అన్నిటికీ ఆ వాసనే. నీకు కుర్చీ ఒకటి బాగుచేస్తున్నా, చూస్తావా అన్నాడు. తర్వాత చూస్తా అంది. సరే అని తను పాలిష్ గదిలోకి వెళ్ళి పని మొదలుపెట్టాడు. ఇంకేం చెయ్యాలో తోచక వెళ్ళాడని నాకు తెలుసు.

పిడుగు నా వెనకే వంటింట్లోకి వచ్చింది. నేను పాలు వేడిచేస్తున్నాను. గట్టు మీద వేలితో గీతలు గీస్తూ, తల ఎత్తకుండా అడిగింది.

"అత్తా, నాన్న తాగుతున్నాడా?"

"లేదు తల్లీ. తాగట్లేదు."

"తాగుతున్నాడని నువ్వే కదా అమ్మకి చెప్పింది."

"అది తప్పు. సరిగ్గా చూసుకోకుండా చెప్పాను."

"ఇప్పుడు చూసుకున్నావా?"

"చూసుకున్నాను. నిజంగా తాగట్లేదు."

తల ఎత్తి నా ముఖంలోకి చూసింది. చాలాసేపు చూసింది. నేను చెప్పేది నమ్మొచ్చా లేదా అని ఒక పిల్ల అంత శ్రద్ధగా చూస్తుంటే, పాలు పొంగుతున్నా దించడానికి నా చెయ్యి ఆడలేదు.

"వద్దులే అత్తా," అంది చివరికి, మర్యాదగానే. "నేనే చూసి అమ్మకి చెప్తాను."

మూలనున్న చిన్న ముక్కాలిపీట రెండు చేతులతో ఎత్తుకుని షెడ్డులోకి నడిచింది. పాలిష్ గది గుమ్మంలో పీట వేసుకుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. అన్నయ్య ఒకసారి అటు చూశాడు, మళ్ళీ చెక్క మీదికి వంగాడు. చాలాసేపటి దాకా గుడ్డ తిరిగే చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. తర్వాత పీట నేల మీద ఈడ్చిన చప్పుడైంది, కొంచెం లోపలికి. ఎందుకలా గుండ్రంగానే తిప్పుతున్నావు అని పిల్ల అడిగింది. అన్నయ్య ఏదో చెప్పాడు. మళ్ళీ అడిగింది, మళ్ళీ చెప్పాడు.

పాల గ్లాసు పట్టుకుని నేను తలుపు దాకా వెళ్ళాను. లోపలికి వెళ్ళలేక, గ్లాసు గుమ్మం పక్కన పెట్టి వచ్చేశాను. మధ్యాహ్నం దాకా వాళ్ళు బయటికి రాలేదు. ఆ రోజు నన్నెవరూ ఏమీ అడగలేదు.